పక్కింటి పండగకి పిలుపొస్తే

మా కోనసీమలో సంక్రాంతికి వచ్చిన చుట్టాన్ని ఊరికే కూర్చోనివ్వరు. కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు చేతికి ఏదో ఒక పని అందుతుంది. కొబ్బరికాయలు వలవమంటారు, గుమ్మానికి మామిడాకులు కట్టమంటారు, మరీ చిన్నపిల్లాడైతే ఆరబెట్టిన పిండి దగ్గర కూర్చుని కాకుల్ని తోలమంటారు. నేను అంబాజీపేట దగ్గర పుట్టి పెరిగాను. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం కోసం పదకొండేళ్ళు కువైట్‌లో ఉన్నాం, ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు డల్లాస్‌లో అమ్మాయి దగ్గర గడుపుతున్నాను. అరబ్బులు, మలయాళీలు, ఇరాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మెక్సికో వాళ్ళు, ఇంతమంది ఇళ్ళల్లో పండగలకి వెళ్ళాక నాకు బాగా అర్థమైంది ఒకటే. ఎవరి పండగకి పిలిచినా చూసి రావడానికి వెళ్ళకండి, వెళ్ళగానే పని అడగండి. ఏం తీసుకెళ్ళాలి, ఏం మాట్లాడాలి అన్నవి కూడా తెలుసుకోవాల్సిందే, అవీ చెప్తాను, కానీ మొదటి సంగతి మాత్రం ఇది.

మన వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలున్న ఇళ్ళు కనిపిస్తాయి. వాళ్ళు అక్కడ ఎవరో పిలిస్తే మొహమాటపడి మానేస్తున్నారు, లేదంటే ఒక స్వీట్ బాక్సు పట్టుకెళ్ళి సోఫాలో కాసేపు కూర్చుని వచ్చేస్తున్నారు. మా అమ్మాయి కూడా మొదట్లో అంతే. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

ముందు ఏ పూట అన్నది కనుక్కోండి

తేదీ కంటే పూట ముఖ్యం. మనకి పండగంటే తెల్లవారుజామున తలంటుతో మొదలు కాబట్టి అందరికీ అలాగే ఉంటుందనుకుంటాం. చైనా వాళ్ళ కొత్త సంవత్సరంలో అసలు భోజనం ముందురోజు రాత్రిది, ఎక్కడెక్కడి పిల్లలూ ఆ రాత్రికి ఇల్లు చేరతారు, ఆ భోజనానికి మిమ్మల్ని పిలిచారంటే ఇంటి మనిషిగా లెక్కేసినట్టే. ఫిలిప్పీన్స్ వాళ్ళ క్రిస్మస్ విందు 24వ తేదీ అర్ధరాత్రి, చర్చి నుంచి వచ్చాక. దానికి ముందు డిసెంబర్ 16 నుంచి తొమ్మిది రోజులు తెల్లవారకముందే లేచి ప్రార్థనకి వెళ్తారు. సరిగ్గా మనకి ధనుర్మాసం మొదలయ్యే రోజులు అవే, చలిలో చన్నీళ్ళు పోసుకుని గుడికి వెళ్ళే మా అమ్మ గుర్తొచ్చేది నాకు వాళ్ళని చూస్తే. ఇరాన్ వాళ్ళ కొత్త సంవత్సరం నౌరూజ్ అయితే మార్చి 20, 21 ప్రాంతాల్లో పగలూ రాత్రీ సమానమయ్యే ఆ క్షణానికే మొదలవుతుంది, అది అర్ధరాత్రి అయినా సరే అందరూ కొత్త బట్టలు కట్టుకుని బల్ల చుట్టూ కూర్చుంటారు. మన లగ్నం లాంటిదే. కాబట్టి పది నిమిషాలు లేటుగా వెళ్తే లేటు కాదు, పండగ అయిపోయినట్టు.

అమెరికాలో థాంక్స్ గివింగ్ నవంబర్ నాలుగో గురువారం. మూడింటికి రమ్మంటే మూడింటికే వెళ్ళాలి, మన ఊళ్ళో లాగా పిలవడానికి మళ్ళీ మనిషి రాడు.

రంజాన్ పండగ తేదీ మాత్రం వాళ్ళని ముందుగా గట్టిగా అడగకండి. నెలవంక కనపడాలి, ముందు సాయంత్రం దాకా వాళ్ళకీ తెలియదు. వాళ్ళ చాంద్రమాన సంవత్సరం మన లెక్కలో 354 రోజులే, మనలాగా అధికమాసం వేసి సర్దుకోరు, అందుకే ఆ పండగ ఏటా ఇంచుమించు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలానికీ చలికాలానికీ తిరుగుతుంది. రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి, సరిపోతుంది.

ఇక ఉపవాసాల సంగతి. కువైట్‌లో నా మొదటి రంజాన్ నెలలో ఒకరోజు మధ్యాహ్నం వేడివేడి గారెలు పళ్ళెంలో పెట్టుకుని ఎదురింటావిడకి ఇచ్చాను. ఆవిడ నవ్వుతూ తీసుకున్నారు, మూతపెట్టి పక్కన పెట్టారు, సాయంత్రం అజాన్ అయ్యాక తిని బాగున్నాయని చెప్పి పంపారు. ఒక్క మాట అనలేదు. తెల్లవారకముందు తిన్నవాళ్ళు, గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా ఉన్నవాళ్ళు, వాళ్ళ ముక్కుకి ఆ నూనె వాసన తగిలించానే అని నాకు ఇప్పటికీ బాధే. రంజాన్ నెలలో ఏం ఇచ్చినా సూర్యాస్తమయానికి అరగంట ముందు ఇవ్వండి. ఖర్జూరం, నీళ్ళు, పళ్ళు, వీటితోనే ఉపవాసం విడుస్తారు కాబట్టి అవే ఇస్తే వెంటనే పనికొస్తాయి. గల్ఫ్ వెళ్ళే పిల్లలకి ఇంకోటి కూడా చెప్పండి, కువైట్‌లో ఆ నెలలో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం చట్టప్రకారం నేరం, కారులో కూర్చుని నీళ్ళసీసా ఎత్తినా ఇబ్బందే.

ఏం పట్టుకెళ్ళాలి, ఎంత ఇవ్వాలి

పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, బియ్యప్పిండి, నెయ్యి, బెల్లమో పంచదారో, ఇంతే కాబట్టి దాదాపు అందరూ తినగలరు, జీడిపప్పు వేసినవైతే ఆ మాట ముందే చెప్పండి. ముస్లింల ఇంటికి మాంసం వండి తీసుకెళ్ళకండి, హలాల్ అవునో కాదో వాళ్ళు మిమ్మల్ని అడగలేరు, వద్దనీ చెప్పలేరు. కేకు కొంటే అందులో మద్యం కలవలేదని చూసుకోండి. అమెరికన్ల ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చే పద్ధతి ఎక్కువ, "నేనేం తీసుకురాను?" అని అడిగితే మర్యాద తక్కువ కాదు, సంతోషిస్తారు.

డబ్బులిచ్చే దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మనం నూటపదహార్లు ఇస్తాం, ఐదొందలిచ్చినా పైన ఒక రూపాయి కలిపితే గానీ మనసొప్పదు, తెల్ల కవరు మీద రూపాయి బిళ్ళ అంటించి మరీ అమ్ముతారు మన దగ్గర. మా మరిది సింగపూర్‌లో చేరిన కొత్తల్లో పక్కింటి చైనా వాళ్ళ బాబుకి కొత్త సంవత్సరం రోజున తెల్ల కవరులో పదకొండు డాలర్లు పెట్టిచ్చాడు. వాళ్ళ దగ్గర తెల్ల కవరు, బేసి సంఖ్య, రెండూ చావింట్లో ఇచ్చేవి. శుభానికి ఎర్ర కవరు, సరి సంఖ్య, అందులోనూ నాలుగు పనికిరాదు, ఆ అంకె పలికితే చావు అన్న మాటలా వినిపిస్తుంది. ఆ ఇంటాయన కొన్నాళ్ళయ్యాక మెల్లగా చెప్పాడట. మనకి శుభమైన రూపాయే ఇంకొకళ్ళకి అశుభం అవుతుందని మావాడికి ఎలా తెలుస్తుంది? అడగాలి, అంతే. ఆ దేశం వాళ్ళనే ఇంకొకరిని ముందురోజు అడిగితే రెండు నిమిషాల్లో చెప్తారు.

పని ఎలా అడగాలి

"ఏమైనా సాయం చేయనా?" అంటే ఎవరైనా "వద్దు, కూర్చోండి" అనే అంటారు. అలా అడక్కండి. అక్కడ జరుగుతున్న పనిని చూసి, "ఇది నేను చేస్తాను, ఎలాగో ఒకసారి చూపించండి" అనండి. తప్పకుండా చూపిస్తారు.

ఓణానికి మా బిల్డింగులో మలయాళీ కుటుంబాలన్నీ కలిసి పూక్కళం వేసేవాళ్ళు, పూలతో ముగ్గు అన్నమాట. అత్తం నుంచి తిరువోణం దాకా పది రోజులు, రోజుకో వరస పెరుగుతూ పోతుంది. పూలు తుంచి రంగురంగులుగా వేరుచేసే పని నాది. పూలు దొరకనప్పుడు కొబ్బరి కోరుకి రంగు కలిపేవాళ్ళం, కొబ్బరి కోరడంలో కోనసీమ ఆడపిల్లకి ఒకరు నేర్పాలా చెప్పండి! మా ఇద్దరి సొంతూళ్ళూ కొబ్బరివే కాబట్టి వాళ్ళ వంటింట్లో నాకు కొత్తనిపించేది కాదు. వడ్డన దగ్గర మాత్రం నేర్చుకోవాల్సింది ఉంది. అరిటాకు సన్నటి కొస తినేవాళ్ళకి ఎడమవైపు రావాలి, ఉప్పు, అరటికాయ చిప్స్, పచ్చళ్ళు ఆ ఎడమ కొస దగ్గర, ముందు పప్పు నెయ్యి, తర్వాత సాంబారు, మధ్యలో పాయసం, ఆఖర్న మజ్జిగ. పాయసం వచ్చింది కదా అని లేవకండి, ఇంకా భోజనం ఉంది. తిన్నాక ఆకుని మనలాగే తనవైపుకి మడవాలి, అవతలికి మడిస్తే అది చావు భోజనం లెక్క.

ఇరాన్ ఆవిడ మూడో అంతస్తులో ఉండేవారు. నౌరూజ్ బల్ల మీద వాళ్ళ భాషలో "స" అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు పెడతారు, వెల్లుల్లి, యాపిల్, వెనిగర్ ఇలాంటివి, వాటిల్లో ఒకటి పళ్ళెంలో మొలకెత్తించిన గోధుమలు. పండగకి రెండు వారాల ముందే నానేస్తారు. ఆవిడ పని మీద బయటికి వెళ్ళే రోజుల్లో ఆ మొలకలకి నీళ్ళు చిలకరించే పని అడిగి తీసుకున్నాను. ఒక తడిబట్ట కప్పి, పొద్దున్నా సాయంత్రం తీసి చూస్తే మూడో రోజుకి తెల్లగా ముక్కు బయటపెట్టేవి, వారానికి పచ్చగా వేలెడెత్తు లేచేవి. పెళ్ళిలో మనం పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తిస్తాం చూడండి, అచ్చం అవే. పదమూడో రోజున ఊరంతా ఆరుబయట భోజనాలకి వెళ్ళి ఆ మొలకల్ని పారే నీళ్ళలో వదిలేస్తారని చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, మా పెళ్ళి పాలికల్ని మా వదిన పంటకాలవలో వదిలిన రోజు కళ్ళ ముందు కదిలింది. పండగ ముందు మంగళవారం రాత్రి మంట వేసి దాని మీంచి దూకుతారట, నా పాలిపోయినతనం నువ్వు తీసుకో, నీ ఎరుపు నాకివ్వు అని మంటని అడుగుతారట. భోగి మంట దగ్గర చేతులు కాచుకుంటూ మనం ఏమడుగుతామో ఎప్పుడూ ఆలోచించలేదు నేను.

డల్లాస్‌లో మా అమ్మాయి పక్కింటివాళ్ళు మెక్సికో వాళ్ళు. నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళు ఇంటికొస్తారని వాళ్ళ నమ్మకం, మొదటి రోజు చిన్నపిల్లలుగా పోయినవాళ్ళకి, రెండో రోజు పెద్దలకి. ఫొటోలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైన తిండి, మంచినీళ్ళు, ఉప్పు, కొవ్వొత్తులు అమరుస్తారు, గుమ్మం దగ్గర్నుంచి ఆ ఫొటోల దాకా బంతిపూల రెక్కలు దారిగా పరుస్తారు, ఆ వాసన పట్టుకుని పెద్దలు దారి తప్పకుండా లోపలికి వస్తారట. నాకు ఆ ఇంటావిడ భాష రాదు, ఆవిడకి నా భాష రాదు. బుట్టలో బంతిపూలు కనపడ్డాయి, పక్కన కూర్చుని ఒకటి తీసుకున్నాను. కింద పచ్చటి తొడిమని బొటనవేలితో నొక్కి తిప్పితే రెక్కలన్నీ ఒక్కసారి గుప్పిట్లోకి రాలతాయి, గొబ్బెమ్మల కోసం చిన్నప్పట్నుంచీ చేసిన పనే కదా, చేతికి దానంతటదే వచ్చేసింది. ఆవిడ నా చేతుల వంక చూసి తను కూడా అలాగే తుంచి చూపించారు. గంటసేపు ఇద్దరం మాట్లాడకుండా బుట్ట ఖాళీ చేశాం. సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టుకుని దణ్ణం పెట్టుకునే ఇంటిదాన్ని, ఆ ఫొటోల ముందు ఏం చేయాలో నాకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది. తర్వాత అల్లుడు చెప్తే తెలిసింది, బంతి మొక్క పుట్టిల్లే మెక్సికో అట. కడియం నర్సరీల్లో ఎకరాలకెకరాలు పూసే మన బంతి!

ఏం అనకూడదు

ఇది చిన్న విషయమే కానీ ఫోన్లొచ్చాక ఎక్కువైంది. అన్నింటికీ "హ్యాపీ" తగిలించి మెసేజ్ పెట్టేయకండి. మొహర్రం పదో రోజు ఇమామ్ హుస్సేన్ కర్బలాలో అమరుడైన రోజు, క్రీ.శ. 680లో. మన ఊళ్ళల్లో పీర్ల పండగని డప్పులతో, నిప్పుల గుండంతో హిందువులు కూడా కలిసి చేస్తారు కాబట్టి అది సంబరం అనుకుంటాం, అది దుఃఖపు రోజు. గుడ్ ఫ్రైడే కూడా అంతే, క్రీస్తుని సిలువ వేసిన రోజు. శుభాకాంక్షలు ఈస్టర్‌కి చెప్పండి. మన గోదావరి జిల్లాల్లో నర్సాపురం, పాలకొల్లు వైపు 1830ల్లోనే మిషనరీలు వచ్చారు, తరతరాలుగా క్రైస్తవులతో పక్కపక్కన బతుకుతున్న మనకి ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

ఫొటో తీసే ముందు అడగండి. చనిపోయినవాళ్ళ ఫొటోలున్న చోట, ప్రార్థన జరిగే చోట అసలు తీయకండి.

మన పండగకి వాళ్ళని పిలిస్తే

ఇది ఎక్కువమంది మర్చిపోతారు. వాళ్ళ ఇంట్లో తిని వచ్చాం కదా, మనం ఎప్పుడు పిలుస్తాం? సంక్రాంతికి పిలవండి. అయితే మన మర్యాదే అక్కడ అడ్డొస్తుంది, వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, కొత్తల్లుడికి వడ్డించినట్టు ఇరవై రకాలు ఆకులో వేసి, తినలేక ఇబ్బంది పడుతుంటే ఇంకో గరిటె వేస్తాం. వాళ్ళకీ పనివ్వండి.

నేను అరిసెల దగ్గర కూర్చోబెడతాను. పాకం నేనే చూసుకుంటాను, అది కొత్తవాళ్ళకి ఇచ్చే పని కాదు. పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు చుక్కలు పాకం వేసి వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి, కరిగితే ఇంకా అవ్వలేదు, టక్కుమని మోగితే ముదిరిపోయింది, అరిసె రాయిలా వస్తుంది. తడిపిండి ఆరనివ్వకుండా అప్పటికప్పుడు కలపాలి. నువ్వులు అద్ది ఒత్తడం, వేగిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండడం, ఈ రెండూ ఎవరైనా చేయగలరు. మా మెక్సికో ఆవిడ చెక్కలు పట్టుకుంటే చుక్క నూనె మిగలదు. పిల్లలకి భోగిపళ్ళు పోయించండి, రేగిపళ్ళు, చిల్లర, చెరుకు ముక్కలు, పూలు తల మీంచి జారుతుంటే ఏ దేశం పిల్లలైనా ఒకటే అరుపు. కువైట్‌లో రంజాన్ నెల సగానికి వచ్చాక 13, 14, 15 రాత్రుళ్ళు పిల్లలు మెడలో సంచులేసుకుని పాటలు పాడుతూ ఇంటింటికీ వస్తారు, బాదంపప్పులు, మిఠాయిలు వేస్తాం, గిర్గియాన్ అంటారు దాన్ని. ఆ పిల్లలే మా భోగిపళ్ళ కింద తలలు పెట్టారు.

సొంతూరికే తీసుకొస్తే కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం తప్పకుండా చూపించండి. 2023 గణతంత్ర దినోత్సవం రోజున ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద వెళ్ళింది ఈ తీర్థమే. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, వెదురు కట్టి రంగు బట్టలు చుట్టి వరికంకులు, గంటలు వేలాడదీసిన ఎత్తైన ప్రభల్ని "అశ్శరభ శరభ" అంటూ భుజాల మీద మోసుకొస్తారు, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలవ దాటి, చేలకి అడ్డంపడి వస్తాయి. తన చేలోంచి ప్రభ వెళ్తే పైరు తొక్కుడు పడినా రైతు బాధపడడు, మంచిదనుకుంటాడు, ఆ మాట వచ్చినవాళ్ళకి తప్పక చెప్పండి, లేకపోతే పంట పాడవుతోందని కంగారు పడతారు. విప్పి చేతిలో పట్టుకోగలిగే చెప్పులే వేసుకురమ్మనండి, బురద ఉంటుంది. ప్రభ మోసేవాళ్ళకి ఎదురుగా నిలబడి వీడియో తీయొద్దని గట్టిగా చెప్పండి, ఆ బరువుతో వాళ్ళు ఆగలేరు. ప్రభ మోయడం ఆ ఊరివాళ్ళ హక్కు, మొక్కు, అది అడగకూడని పని. మంచినీళ్ళ బిందె దగ్గర నిలబడి గ్లాసులు అందించమనండి, ఎండలో అంత దూరం నడిచొచ్చినవాళ్ళు ఆ నీళ్ళు తాగి చల్లగా ఉండమని దీవిస్తారు.

ఇంకొక్కటి, గిన్నెల సంగతి. పండగ రోజు వాళ్ళు ఏదైనా పెట్టి పంపిన గిన్నెని కడిగి ఖాళీగా తిరిగివ్వకండి. మా అత్తగారు గుప్పెడు పంచదారైనా వేసి పంపేవారు. ఇరాన్ ఆవిడ కువైట్ వదిలి వెళ్ళే ముందురోజు ఇచ్చిన నీలం పింగాణీ గిన్నె ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఈ సంవత్సరం వాళ్ళ అబ్బాయి డల్లాస్ వస్తున్నాడని తెలిసింది, దాంట్లో కొబ్బరి లౌజు పెట్టి పంపాలని ఇప్పుడే అమ్మాయికి కాయలు తెప్పించమని చెప్పాను.